వెండితెరయు లోకాపవాదమును

ఒక నటి మరియొక నటితో గూడి విహారయాత్రకు బోయి, అచట దీసికొన్న ఛాయాపటము నొకదానిని లోకమునకు జూపినచో, ఆ సాయంకాలమునకే దానిపై ప్రశ్నార్థకముతో గూడిన శీర్షిక యొకటి పుట్టుచున్నది. వారిద్దఱి నడుమ నున్నది వట్టి స్నేహమేనా యని యది యడుగును. సమాధానము దానికి తెలియదు. తెలిసికొనవలసిన యక్కఱయు లేదు. ప్రశ్నయే దాని సరకు. మెదకు పట్టణమునకు రైలు 2022 సంవత్సరమున గాని రాలేదు. ఈ సరకు మాత్రము అంతకు జాలముందుగనే సెల్ఫోను మార్గమున వచ్చి, బస్సుల నిలయము మొదలు క్షౌరశాలవఱకు నెల్లచోట్ల దిగుమతి యగుచున్నది.

అట్టి ఛాయాపటములలోని వారి పేరులు ఈ వ్యాసమున నెక్కడను గానరావు. వ్రాసినచో ఇదియు నా సరకులోనిదే యగును. చెప్పదలచిన విషయము వేఱు. స్త్రీని వరించిన స్త్రీని గూర్చి తెలుగు ప్రజ వినుచున్నది వదంతి రూపమున. తెరమీద జూచుచున్నది మాత్రము దాదాపు శూన్యము. నూఱు శీర్షికలకు ఒక్క కథయైనను లేదు. ఈ రెండింటికిని సంబంధము లేదని పత్రికలవారును చిత్రనిర్మాతలును అనుకొనుచున్నట్లున్నది. మా యభిప్రాయమున సంబంధము గట్టిగా నున్నది. కథను చెప్ప నిరాకరించినచోటనే గుసగుసకు గిరాకి పెరుగుచున్నది. గుసగుస పెరిగినకొలది కథ చెప్పుటకు భయమును పెరుగుచున్నది.

లోకాపవాదమనగా నేమో తెలుగువారికి క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. సి. పుల్లయ్యగారు లవకుశ కథను 1934లో నొకమారును, 1963లో దమ కుమారుడు సి. ఎస్. రావుగారితో గూడి మఱియొకమారును చిత్రముగ దీసిరి. ఎవరో యన్న మాటకు రాజు తలయొగ్గి, నిండు చూలాలిని అడవికి బంపిన ఘట్టమునకు పల్లెలనుండి బండ్లు గట్టుకొని వచ్చిన జనము కన్నీరు గార్చినది. ఆ జనమే మఱునాడు రచ్చబండకడ పొరుగింటి పిల్లను గూర్చి నాలుగు మాటలనుట మానలేదు. సీత కథ సీతకే చెల్లుననియు, పొరుగింటి పిల్ల సీత కాదనియు వారి నమ్మకము కాబోలు!

వదంతిని వర్తకముగ మార్చిన ఘనత నేటి యూట్యూబువారిది కాదు. దక్షిణాది చిత్రపరిశ్రమ యంతయు మదరాసులో నున్న దినములలో సి. ఎన్. లక్ష్మీకాంతన్ అనునతడు 'సినిమా తూతు' అను పత్రికను నడపెను. నటీనటుల యింటి గుట్టు అచ్చువేయుట దాని వృత్తి. అచ్చువేయకుండుటకు సొమ్ము గుంజుట దాని రాబడి యని నాటివారు చెప్పుకొనిరి. ఆ పత్రిక మూతపడిన పిమ్మట 'హిందు నేసన్' అను మఱియొక పేరుతో నదే పని సాగించెను. 1944 నవంబరు 8వ తేదీన మదరాసు వీధిలో నతనిని బొడిచిరి, మఱునాడతడు మరణించెను. నాటి మహానటుడు త్యాగరాజ భాగవతారును, హాస్యనటుడు ఎన్. ఎస్. కృష్ణనును శిక్షపడి చెఱసాలకు బోయిరి. దర్శకుడు శ్రీరాములు నాయుడుగారు నిర్దోషిగ విడుదలయ్యెను. తక్కిన యిద్దఱును ప్రీవీ కౌన్సిలు వఱకు బోయి, మరల విచారణ జరిగి, 1947లో నిర్దోషులుగ బయటికి వచ్చిరి. అప్పటికి భాగవతారుగారి వైభవము గతించినది. పూర్వపు బ్రాభవము మరల రాలేదు. చంపినవారెవరో నేటికిని తేలలేదు.

నాటికిని నేటికిని భేద మొకటి గలదు. లక్ష్మీకాంతన్ సొమ్ము గుంజవలెనన్న పాత్రధారిని బెదరింపవలసి యుండెను. నేడు బెదరింపనక్కఱలేదు, చూచువారి సంఖ్యనుబట్టి ప్రకటనల సొమ్ము తానై వచ్చును. ప్రసిద్ధురాలగు నటికి న్యాయవాది గలడు, కార్యదర్శి గలడు, తన మాట చెప్పుకొనుటకు లక్షలమంది వినువారు గలరు. ఆమె నవ్వి యూరకుండగలదు. కాని ఆ శీర్షికక్రింద జనులు వ్రాయు వ్యాఖ్యలను మెదకు కళాశాలలో జదువుచున్న యొక బాలిక గూడ జదువును. తన మనస్సు ఆడుపిల్లవైపు మొగ్గుచున్నదని యామె కింతకుముందే తెలిసియుండవచ్చును. ఆ సంగతికి దన యూరిలో నున్న పేరు అపహాస్యమే యని యామె యక్కడ నేర్చుకొనును. నటికి దగులని దెబ్బ ఈ బాలికకు దగులును. తండ్రికిగాని తల్లికిగాని ఆమె చెప్పుకొనలేదు. చెప్పుకొనుటకు భాష లేదు. మేము ఈ విషయమును సంపాదకీయపుటకు దెచ్చుటకు గారణమిదియే.

ఇట్టి సంగతులు మన నాటకములకు బొత్తిగ గొత్తవని చెప్పువారు మన రంగస్థలమును మఱచినవారు. సురభి సమాజములలో స్త్రీలు పురుషపాత్రలను ధరించిరి. మన పొరుగున నిజామాబాదు మండలమునకు జెందిన చిందు ఎల్లమ్మ పురుషవేషమున గద్దె నెక్కి, చిందు భాగవతమున బ్రసిద్ధికెక్కెను. కోస్తాలో స్థానం నరసింహారావుగారు సత్యభామగ నటించి 1956లో పద్మశ్రీ నందిరి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ పాత్రకే జీవితము నర్పించిరి. స్త్రీ స్త్రీకి బ్రేమ పలుకుటయు, పురుషుడు పురుషునికై విరహమున వేగుటయు మన తాతలు తెల్లవారుజామువఱకు గూర్చుండి చూచిరి, చదివింపులు చదివించిరి. అది వేషమని వారికి తెలియును గదా యనవచ్చును. నిజమే. కాని వేషములో దప్పు లేనిదానికి వేషము దీయగనే పాపము వచ్చుననుట యెట్టి తర్కమో మాకు బోధపడదు.

ఈ విషయమున మౌనమే మన సంప్రదాయమనువారికి, ఆ మౌనములో నెక్కువ భాగము సీమనుండి దిగుమతియైనదని చెప్పవలసి యున్నది. అందులకు స్కాట్లండు కథ యొకటి సాక్ష్యము. అందు మన దేశపు బిడ్డకును పాత్ర గలదు. ఎడింబరో నగరమున మేరియన్ వుడ్సు, జేన్ పైరీ యను నిరువు రుపాధ్యాయినులు కలిసి 1809లో బాలికల పాఠశాలను బెట్టిరి. అందులో జదువుచున్న జేన్ కమింగ్ అను బాలిక ఈస్టిండియా కంపెనీ కొలువులోనున్న యొక స్కాచి దొరకును ఒక భారతీయ స్త్రీకిని బుట్టినది. పంతులమ్మ లిద్దఱి నడుమ నేదో యనుచిత సంబంధ మున్నదని ఆ బాలిక 1810 నవంబరులో దన నాయనమ్మకు జెప్పెను. నాయనమ్మ యగు కమింగ్ గార్డను దొరసాని తక్కిన తలిదండ్రులకు గబురు పంపెను. రెండు దినములలో బడి ఖాళీ యయ్యెను. పంతులమ్మలు పరువునష్టపు దావా వేసిరి.

విచారణ జరిపిన న్యాయమూర్తులలో గొందఱ వాదము వినదగినది. బ్రిటిషు స్త్రీలలో నిట్టిది యసంభవము. కావున బాలిక దీనిని హిందూస్థానములో దాదులకడ నేర్చుకొని వచ్చి యుండవలెను! తమ యింటి సంగతి తమకు దెలియకుండుటకై పాపమును సముద్రము దాటించి మన నెత్తిన బెట్టిరి. 1811లో నొక్క యోటు తేడాతో పంతులమ్మ లోడిరి. 1812లో నొక్క యోటు తేడాతోనే గెలిచిరి. 1819లో ప్రభువుల సభ ఆ గెలుపును స్థిరపఱచెను. బడి మాత్రము మరల తెఱవబడలేదు. ఆ కథనే 1934లో లిలియన్ హెల్‌మన్ అను నమెరికా రచయిత్రి 'చిల్డ్రన్స్ అవర్' అను నాటకముగ వ్రాసెను. 1936లో దానిని చిత్రముగ దీయునప్పుడు హాలీవుడ్డు నియమావళికి వెఱచి, ఇద్దఱు స్త్రీల సంగతిని దీసివేసి, ఒక పురుషునికై యిద్దఱు స్త్రీల పోరుగ మార్చిరి. అసలు సంగతితో మరల దీయుటకు 1961 వఱకు వేచియుండవలసి వచ్చెను. మఱియొక చిత్రము: నాటకములోని కొండెములు చెప్పు బాలిక అమెరికా పిల్లయే. మన దేశపు బిడ్డను నాటకమునకు ముందే చెఱిపివేసిరి.

1921లో స్త్రీల నడుమ సంబంధమును నేరముగ జేయు ప్రతిపాదన ఇంగ్లండు పార్లమెంటున వచ్చి, సామాన్యుల సభలో నెగ్గి, ప్రభువుల సభలో వీగిపోయెను. దయచేత వీగిపోయినదని భ్రమపడరాదు. అధికసంఖ్యాక స్త్రీలు ఇట్టిదొకటి కలదని వినియే యుండలేదు, శాసనము చేసినచో వారికి మనమే చెప్పినట్లగునని ప్రభువులు వాదించిరి. దండించుటకంటె బేరెత్తకుండుట మేలని వారి తీర్పు. ఈ మౌనధర్మమునే మన ఆంగ్లవిద్యాధికులు తమ పిల్లలకు 'సభ్యత' యను పేర నేర్పిరి.

మన పూర్వగ్రంథములు దీనిని మెచ్చుకొన్నవని చెప్పుట సత్యము కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున కన్యను గూడిన కన్యకు రెండువందల పణముల దండుగను, దెబ్బలను విధించినది. వయస్సు వచ్చిన స్త్రీకి అంతకంటె గ్రూరమగు శిక్షను, గాడిదపై నూరేగింపును జెప్పినది. అందులో గర్వింపదగినదేమియు లేదు. కాని శిక్ష విధించుటకైనను పేరెత్తవలె గదా! వాత్స్యాయనుడును దన గ్రంథమున దాచక చెప్పెను. బిజాపూరు కవి హాషిమీ మొదలు లక్నో కవులవఱకు 'రేఖ్తీ' యను ఉర్దూ కవితారీతిలో స్త్రీల భాషలో స్త్రీల నడుమ చెలిమిని వర్ణించిరి; వ్రాసినవారు పురుషులే, వేళాకోళమును గలదు, అయినను నోరు నొక్కుకొనలేదు. నోరు నొక్కుకొనుట పిమ్మట వచ్చిన విద్య.

ఆ విద్య మనవారికి నెంతగా నంటినదో ముద్దుపళని విషయమున జూడవచ్చును. తంజావూరి కవయిత్రియగు నామె 'రాధికా సాంత్వనము'లో స్త్రీ కోరికను స్త్రీయే చెప్పెను. స్త్రీపురుషుల శృంగారమే యది, ఈ వ్యాసవిషయము కాదు. దానిని విమర్శించిన వీరేశలింగము పంతులుగారంతటి సంస్కర్త కవిత్వముతోపాటు కవయిత్రి పుట్టుకనుగూడ బట్టుకొనిరి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని బూర్తిగ నచ్చువేయింపగా దొరతనము నిషేధించెను. ఆ నిషేధము తొలగుటకు 1947 రావలసి వచ్చెను. గ్రంథమును విడిచి గ్రంథకర్త్రి నడవడినిగూర్చి మాటలాడుట మన విమర్శకు బూర్వమునుండియు నలవాటే. నేటి చిత్రవార్తలు ఆ యలవాటుకు బిడ్డలు.

వదంతినే కథగ మార్చి, ఆ కథతో మనిషిని నిలిపిన యుదాహరణ మొకటి గలదు. 1942లో ఇస్మత్ చుగ్తాయీ 'లిహాఫ్' అను ఉర్దూ కథను వ్రాసెను. భర్త యుపేక్షకు గుఱియైన యొక బేగము తన పరిచారికయందు ఊఱట జెందుటను ఒక చిన్నపిల్ల కన్నులతో జూపిన కథ. దొరతనము ఆమెపై నశ్లీలతానేరము మోపి లాహోరు న్యాయస్థానమునకు లాగెను. అశ్లీలమగు మాట యేదో చూపుమనగా వాదులు చూపలేకపోయిరి, కేసు వీగిపోయెను. అలీగఢులో నొక బేగమును గూర్చి తాను విన్న వదంతియే యా కథకు మూలమని ఇస్మత్ పిమ్మట చెప్పెను. కొన్నియేండ్ల కొక విందులో నా బేగమే యెదురుపడెనట. రచయిత్రి భయపడెను, బేగము కౌగిలించుకొనెను. ఆమె నవాబును విడిచి, మరల వివాహమాడి, బిడ్డ నెత్తుకొని యుండెను. వదంతి యామెను నవ్వులపాలు చేసినది. కథ యామె దుఃఖమును బదుగురకు దెలియజేసినది. ఒకే సంగతినుండి రెండు ఫలములు.

స్వతంత్ర భారతమున ఈ సంగతిని వీధికెక్కించిన చిత్రము దీపా మెహతాగారి 'ఫైర్'. 1996లో విదేశములందు బ్రదర్శింపబడి, సెన్సారు బోర్డు అనుమతితో 1998 నవంబరున మన దేశమున విడుదలయ్యెను. ఢిల్లీలో నొక సామాన్యగృహమున నున్న తోడికోడండ్రు, భర్తల యనాదరణమువలన నొకరికొకరు దగ్గఱయగుట ఇందలి కథ. పెద్దకోడలిగ నటించిన షబానా ఆజ్మీ 1950లో హైదరాబాదున బుట్టినది. చిన్నకోడలు నందితా దాస్. పెద్దామె పేరు రాధ, చిన్నామె పేరు సీత. హిందీ ప్రతిలో సీత పేరును నీత యని మార్చవలసి వచ్చెను. లోకాపవాదమున దగ్ధమైన సీత పేరు మరల నొక స్త్రీ పెట్టుకొనుటకు వీలులేకపోయినది! డిసెంబరు నెలలో బొంబాయియందును ఢిల్లీయందును శివసేనవారు ప్రదర్శనశాలలను బగులగొట్టిరి. చిత్రము మరల సెన్సారునకు బోయి, 1999లో మార్పులేకయే తిరిగి వచ్చెను. ఢిల్లీ రీగల్ థియేటరు ముందు స్త్రీలు దీపములతో నిలిచి, తాము భారతీయులము, లెస్బియనులము నని యట్టలమీద వ్రాసికొని నిలబడిరి. తెరమీది రెండు పాత్రల కారణమున వీధిలో నిజమైన ముఖములు కనబడిన దినమది.

ఇక మన తెలుగు తెర. 2018 ఫిబ్రవరి 16వ తేదీన ప్రశాంత్ వర్మగారి దర్శకత్వమున, నటుడు నానిగారు నిర్మాతలలో నొకరుగ 'అ!' అను చిత్రము విడుదలయ్యెను. అందు రాధ యను యువతి తాను వివాహమాడదలచిన వ్యక్తిని తలిదండ్రులకు బరిచయము చేయుటకై యొక భోజనశాలకు బిలుచును. వచ్చిన వ్యక్తి కృష్ణవేణి, ముద్దుపేరు క్రిష్. ఈషా రెబ్బా రాధగను, నిత్యా మేనన్ కృష్ణవేణిగను నటించిరి. రాధాకృష్ణుల పేరులు పెట్టుటలో దర్శకుని కొంటెతనము గలదు గాని, వెక్కిరింత లేదు. తలిదండ్రులు నిర్ఘాంతపోవుదురు, ప్రేక్షకులు నవ్వుదురు, కాని నవ్వు ఆ యువతులమీద గాదు, పెద్దల తత్తరపాటుమీద. కృష్ణవేణి ఇతర నాయికవలె గూర్చుండి, ఇతర నాయికవలె మాటలాడును. నాటికింకను 377వ సెక్షను శిక్షాస్మృతిలో నిండుగ నున్నది. సర్వోన్నత న్యాయస్థానము దానిని సడలించినది ఆ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన గాని కాదు. అట్టి కాలమున ఈ చిత్రము తెలుగు పట్టణములలో జూపబడినది. ఎక్కడను మిన్ను విఱిగి మీద బడలేదు. వేషాలంకరణమునకును, దృశ్యమాయలకును జాతీయ పురస్కారములుగూడ వచ్చినవి.

ఇంత చెప్పిన పిమ్మట కొఱతను గూడ జెప్పకున్నచో విమర్శ కాదు. చిత్రాంతమున దెలియునదేమన, తెరమీద మనము చూచినవారందఱు 'కలి' యను నొక వ్యథిత యువతి మనస్సులోని వ్యక్తిత్వములే. రాధయు లేదు, కృష్ణవేణియు లేదు. కథానిర్మాణమున నది చతురమైన మలుపే. అందలి యెల్ల పాత్రలకు నది సమానమే. అయినను, తెలుగు తెర గౌరవముతో గూర్చుండబెట్టిన యొక యాడుజంట, లేచి వీధిలోనికి నడచి పోకుండ, గాయపడిన తలలోనే యంతరించుట మాకు గుచ్చుకొన్నది. ఆ భోజనశాలనుండి వారిద్దఱు ఇంటికి బోయినచో నేమగును? ఇంటి యజమాని గది యద్దెకిచ్చునా? పెదనాయన పెండ్లికి వచ్చునా? అసలు కథ యచ్చట మొదలగును. చిత్రము అచ్చట ముగిసినది.

నాలుగేండ్లకు దీనికి సరిగ నెదురుగ మఱియొకటి వచ్చెను. రాంగోపాల్ వర్మగారు తెలుగున 'మా ఇష్టం' అను పేర, హిందీయందు 'ఖత్రా' యను పేర నొక నేరకథను దీసి, అది భారతదేశపు మొదటి లెస్బియన్ నేరచిత్రమని చాటించిరి. నైనా గంగూలీ, అప్సరా రాణి నటీమణులు. 2022 ఏప్రిల్ 8వ తేదీని విడుదలకు నిర్ణయించిరి; పి.వి.ఆర్., ఐనాక్స్ ప్రదర్శనశాలలవారు చిత్రవిషయమును జూచి నిరాకరించిరని వర్మగారే బహిరంగముగ జెప్పిరి. న్యాయస్థానము నేరము కాదన్నదానిని, సెన్సారు బోర్డు అనుమతించినదానిని టిక్కెట్లమ్మువారు కాదనుట యేమని వారు వేసిన ప్రశ్న న్యాయమైనదే. ప్రదర్శనశాలవారి నిరాకరణ తప్పు. కాని ఆ చిత్రపు ప్రకటనపటములను జూచినవారికి మఱియొక సంగతియు దోచకపోదు. అందున్న యిద్దఱు స్త్రీలు ఒకరినొకరు చూచుకొనుచున్నట్లు లేరు. చూపులు కొనుగోలుదారుమీద నున్నవి. పురుషుల కన్నుల పండువుకై యిద్దఱు స్త్రీలను నిలువబెట్టినంతమాత్రమున ఆ స్త్రీలకు వెలుగు వచ్చినట్లు కాదు. వదంతి మాటలలో జేయు పనిని ఆ పటములు బొమ్మలలో జేసినవి.

మాట వచ్చినది గావున మాటలను గూర్చి యొక మాట. మన పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అను సమాసమును యథేచ్ఛగ వాడుచున్నవి. సంస్కృతము దెలిసినవా రొకమాఱు దానిని విడదీసి చూడవలెను. లింగము, సంపర్కము: ఇవి తప్ప అందులో మనిషి లేడు. మనమే భార్యాభర్తలను 'దంపతులు' అనుచున్నాము, 'ఆలుమగలు' అనుచున్నాము. ఎవరింటి శుభలేఖమీదనైనను 'భిన్నలింగ సంపర్కులు' అని యచ్చువేయించిరా? వేయించినచో పురోహితుడు లేచిపోడా? ఒకరికి హృదయమునుబట్టి పేరు, మఱియొకరికి శరీరమునుబట్టి పేరు! మదరాసు హైకోర్టు 2021లో ఇద్దఱు యువతుల వ్యాజ్యమున నిచ్చిన యుత్తర్వుల ఫలితముగ, తమిళనాడు ప్రభుత్వము 2022లో నిట్టివారిని గూర్చి గౌరవముగ వ్రాయుటకు దమిళ పదకోశమునే ప్రకటించినది. నన్నయ మొదలు వేయేండ్లు మాటలు గూర్చిన భాష మనది. ఇందులకు నాలుగు మంచిమాటలు దొరకవా? 'లెస్బియన్' అను పదము ఇప్పటికే జనుల నోట నున్నది. దానినైనను వెక్కిరింత లేకుండ వాడవచ్చును.

ఒకరి ప్రేమ యెవరియందో చెప్పుటయు, చెప్పకుండుటయు వారి యిష్టమని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను మూలహక్కుగ నంగీకరించుచు దెలిపినది. నటియైనంత మాత్రమున ఆ హక్కు పోదు. తాను స్త్రీని వరించితినని యొక నటి తానై చెప్పినచో నది వార్త. ఆమె చెప్పకుండ మనము చెప్పినచో నది దొంగతనము. ఈ భేదము పత్రికావృత్తిలో నున్నవారి కెవ్వరికిని తెలియనిది కాదు. తెలిసియు నచ్చువేయుచున్నారు.

మన చదువరులలో భూవసతి గలవారును, పట్టణములలో గౌరవముగ వ్యాపారము చేసికొనువారును బెక్కుండ్రు. వారి శంక మే మెఱుంగనిది కాదు. ఇట్టి కథలు తెరకెక్కినచో బిడ్డలు చెడిపోరా? వంశము, ఆస్తి, సంబంధములు ఏమగును? దీనికి మా యుత్తరము సూటిగ నుండును. మెదకులోగాని మఱెక్కడగాని యే బిడ్డయు చిత్రము చూచి మనస్సు మార్చుకొనదు. చూచినంతనే మారునదైనచో, తొంబదియేండ్లుగ స్త్రీపురుషుల ప్రేమకథలు మాత్రమే చూచిన యీ దేశమున నిట్టివారుండనే యుండరాదు. మీ యింటిలో నట్టి బిడ్డ యున్నచో ఇప్పటికే యున్నది. ఆమెకు బలవంతముగ బెండ్లి చేసినచో చెడునది యామె బ్రతుకొక్కటియే కాదు, ఏమియు నెఱుగని యల్లునిదియు గూడ. పెండ్లి హక్కు వేఱు సంగతి. హైదరాబాదునకు జెందిన యొక పురుషుల జంట మొదలగువారు వేసిన వ్యాజ్యమున 2023 అక్టోబరు 17న సర్వోన్నత న్యాయస్థానము దానిని మంజూరు చేయక చట్టసభలకు విడిచినది. కలిసి బ్రతుకుటను మాత్రము ఎవ్వరును నేరమనుటలేదు.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున నొక వ్యాజ్యము వచ్చినది. ఒక యువతి తన సహచరిని ఆమె తండ్రి నిర్బంధించెనని మొఱపెట్టుకొన్నది. న్యాయమూర్తులు ఆ సహచరిని బిలిపించి యడిగిరి. వయస్సు వచ్చిన స్త్రీ తనకు నచ్చినవారితో నుండవచ్చుననియు, తలిదండ్రులు అడ్డుపడరాదనియు దీర్పు చెప్పిరి. ఆమె తలిదండ్రులమీద దానిచ్చిన ఫిర్యాదును ఉపసంహరించుకొనెదనన్నది. కావున వారిపై జర్య లేకుండ విడిచిరి. విడిపించుకొని పోవుచున్న కూతురే తండ్రిని విడిపించినది. ఇంతకంటె గట్టి నాటకీయఘట్టమును ఏ రచయిత కల్పింపగలడు?

హిందీవారు 2019లో నిట్టి తండ్రిని తెరమీదికి దెచ్చిరి. 'ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా' యను చిత్రమున పంజాబునందలి మోగా పట్టణపు వర్తకుడగు తండ్రిగ అనిల్ కపూర్, కూతురుగ సోనమ్ కపూర్ నటించిరి. తండ్రి మొదట గోపించును, తరువాత నాలోచించును, కడపట కూతురు పక్షమున నిలుచును. ఆ కూతురు వరించిన యువతిగ నటించినది రెజీనా కసాండ్రా. తెలుగు చిత్రములలో మనవారు నాయికగ నెన్నియో మార్లు చూచిన నటియే. ఆమెకు ఇట్టి పాత్ర తెలుగులో నెవ్వరును వ్రాయలేదు. హిందీకి బోవలసి వచ్చెను. ఆ తండ్రి మోగాలో గాక మెదకులోనో తెనాలిలోనో ధాన్యపు వర్తకుడై యున్నచో, నలుగురిలో దల యెత్తుకొనుట యెట్లని రాత్రియంతయు వరండాలో బచారుచేసి, తెల్లవారి కూతురితో నేమనునో వ్రాయగల మాటల రచయితలు మనకు గొఱత లేరు. నిర్మాతలు వారి నింకను అడుగలేదు.